పెద్దమ్మ తేలు

మా తోటలో తేలు కనిపిస్తే అందరూ చెప్పు తీస్తారు. బాలన్న పట్టకారు తీస్తాడు. తేలు తోకను మెల్లగా పట్టుకుని, ఖాళీ పాలపొడి డబ్బాలోకి జారవిడిచి, మూత పెట్టి, ప్రహరీగోడ అవతల ఇసుక మొదలయ్యే చోటు దాకా నడిచి వెళ్లి వదిలి వస్తాడు. ఎండ మాడు పగలగొడుతున్నా అంతే, ఖర్జూరాల కోత మధ్యలో ఉన్నా అంతే. "అది మళ్లొచ్చి మన మంచం కిందనే పంటది అన్నా" అని ఎవరైనా విసుక్కుంటే, "పంటె పండనీ. నువ్వు మంచం మీద గదా పండేది, కింద నీకేం పని?" అంటాడు.

అంటాడు అని రాశాను గానీ, అనేవాడు అనాలి. ఇప్పుడు అనడం లేదు.

నేను యాదగిరిని. మాది సిరిసిల్ల పక్క పల్లె. సౌదీలో ఉనైజా పట్నం దాటి కొంత దూరం వస్తే కనిపించే ఈ ఖర్జూరపు తోటలో మోటార్లు బాగు చేస్తాను, పికప్ నడుపుతాను. మిగతావాళ్ల కంటే నాలుగు ముక్కలు అరబీ ఎక్కువ వచ్చిన పాపానికి అందరి తరఫునా తిట్లు కూడా నేనే తింటాను. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న తోట యజమాని, అబూ సాలెహ్ చెడ్డవాడు కాదు. ఇన్నేళ్లలో ఆయన గురించి అంతకంటే ఎక్కువ చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు.

బాలన్నది మెట్‌పల్లి అవతలి ఊరు. ఇరవై ఏళ్లు పైబడింది ఈ తోటకు వచ్చి. ఒకప్పుడు కోతిలా చెట్టెక్కి గెలలకు పుప్పొడి అద్దేవాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి, కింద నీళ్లు కడుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెత్తగా మాట్లాడతాడు, కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడతాడు. ఈ దేశంలో మాలాంటివాళ్లకు పేర్లుండవు. "యా హిందీ", అంటే ఓ ఇండియావాడా, అని పిలిస్తే ఎవరో ఒకరు తిరిగి చూడాలి. బాలన్నకు మాత్రం చుట్టుపక్కల తోటల్లో కూడా పేరుంది. తేలు మంత్రం బాలన్న.

ఆ మంత్రం ఆయనకు మేనమామ ఇచ్చాడు. దానికి కట్టుబాట్లున్నాయి. తేలును చంపకూడదు. మంత్రం వేసినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. వచ్చినవాణ్ణి కాదనకూడదు. గ్రహణం పట్టినప్పుడు నడుం లోతు నీళ్లలో నిలబడి మళ్లీ జపించుకోవాలి. ఒకసారి డిసెంబర్ చలిలో తెల్లవారుతూనే సూర్యగ్రహణం వచ్చింది. బాలన్న తోటకు నీళ్లు పారించే బిర్కా తొట్టిలో దిగి, కళ్లు మూసుకుని, పళ్లు టకటకలాడుతుంటే గొణుక్కుంటున్నాడు. అప్పుడే నమాజు ముగించుకుని వచ్చిన అబూ సాలెహ్ చూసి హడలిపోయాడు. ఇంటి మీద బెంగతో చావబోతున్నాడనుకుని నన్ను లేపుకొచ్చాడు. నేను నా నాలుగు ముక్కల అరబీలో గ్రహణాన్నీ మంత్రాన్నీ వివరించబోతే ఆయన "మజ్నూన్", పిచ్చివాడు, అని తల కొట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మా ఇద్దరిలో ఎవరినన్నాడో ఇప్పటికీ తెలియదు.

కుట్టించుకున్నవాడు వస్తే బాలన్న చేసేదంతా చాలా నిదానంగా ఉంటుంది. కింద కూర్చోబెట్టి, "ఏడి దాక ఎక్కింది?" అని అడుగుతాడు. వాడు మోకాలనో తొడనో చూపిస్తాడు. వేపకొమ్మ ఉంటే వేపకొమ్మ, లేకపోతే ఖర్జూరపు మట్ట తీసుకుని పైనుంచి కిందికి దులుపుతూ, పెదవులు కదుపుతూ ఉంటాడు. కాసేపటికి మళ్లీ "ఇప్పుడేడుంది?" అంటాడు. పిక్క అంటాడు వాడు. మళ్లీ దులుపుడు. చీలమండ. మళ్లీ దులుపుడు. చివరికి మంట కాలి వేలి కొస దగ్గర చేరేసరికి కుట్టించుకున్నవాడు గోడకు ఆనుకుని నిద్రపోతుంటాడు. పాకిస్తాన్ ట్రాక్టర్ డ్రైవర్లు వచ్చేవారు, మా వంటవాడైన బెంగాలీ వచ్చాడు, పక్క తోట ఈజిప్టు మేస్త్రీ మొదట నవ్వి తర్వాత తనూ వచ్చాడు. అంతెందుకు, ఊళ్లో ఎవరికైనా తేలు కుడితే బాలన్న భార్య గౌరవ్వ ఇక్కడికి వాట్సాప్‌లో ఫోన్ చేస్తుంది. ఈయన ఫోనుకు ఎదురుగా కూర్చుని గాలిలో మట్ట దులుపుతాడు. "ఫోన్ల విషం దిగుతదా అన్నా?" అని నేను ఏడిపిస్తే, "ఫోన్ల ఏడుపు వస్తలేదా? గట్లనే ఇది గూడ" అనేవాడు.

తోటలో తేళ్లు రకరకాలుండేవి. ఎండుగడ్డి రంగులో సన్నగా ఉండేది ఒకటి, పరుగే తప్ప నిలబడటం తెలియదు దానికి. తోక లావుగా ఉండే నల్లది ఒకటి. అది అరుదుగా, రాళ్ల గుట్టల్లోనే కనిపించేది. అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మాత్రం ఆవపిండి రంగులో, పీతకున్నట్టు పెద్ద డెక్కలతో, బద్ధకంగా నడిచే తేలు. తోట చివరి గట్టులో బొరియ తవ్వుకుని ఉండేది. బొరియ మూతి నెలవంకలా ఉండేది కాబట్టి చూడగానే తెలిసిపోయేది. దానికి బాలన్న పెద్దమ్మ అని పేరు పెట్టాడు. "ఇల్లు ఇడిసి ఏడికీ పోదు, ఒకల జోలికి రాదు, కాలు మీదేస్తెనే కుడతది. పెద్దమ్మ గాకపోతే ఏంది?" అనేవాడు. గట్టు మీద నీళ్లు కట్టేటప్పుడు ఆ బొరియల్లోకి నీరు పోకుండా చేత్తో మట్టి అడ్డం వేసేవాడు. మా పనివాళ్లను కుట్టేది ఎక్కువగా పెద్దమ్మే. గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచేది మేమే కదా.

తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. ఈ మధ్య ఎండకు ఎవరో పెత్తనం ఇచ్చినట్టున్నారు. ఇక్కడ ఎండ కొత్త కాదు, మేం ఎండను చూడని మనుషులమూ కాదు. కానీ ముందు సాయంత్రానికి నేల చల్లబడేది. నులకమంచం బయట వేసుకుంటే తెల్లారగట్ల దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు పొద్దుగూకిన చాలాసేపటికి కూడా గట్టు మీద అరికాలు ఆనదు. వానల సంగతీ అంతే. ఏడాదంతా రావాల్సింది ఒక్క మధ్యాహ్నం వచ్చి కుమ్మరించి పోతుంది. ఒకసారి వడగళ్లతో వచ్చి గట్టును సగం కోసుకుపోయింది. నెలవంకల్లోకి బురద దిగి, తర్వాత ఎండకు ఇటుకలా గట్టిపడింది. బాలన్న పార తీసుకుని ఆ మట్టిని పెళ్లగించి చూశాడు. లోపల ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది, తేళ్ల కోసం కాదు, ఆ పని నా పారతో చేసి దాన్ని వంకర పెట్టాడని.

పెద్దమ్మలు అలా తగ్గిపోయాయి. నల్లవి మాత్రం తగ్గలేదు. మా గదుల్లో ఏసీలు పగలూ రాత్రీ ఆడుతుంటాయి; వాటి నీళ్లు బయట గోడ మొదట్లో చుక్కచుక్కగా పడి అక్కడ ఎప్పుడూ చల్లగా, తడిగా ఉంటుంది. పురుగులు అక్కడికి వస్తాయి, పురుగుల కోసం నల్లవి వస్తాయి. బకెట్ కింద, తడి గోనెసంచి కింద, ఆరేసిన బూట్లలో. బాలన్న పాలపొడి డబ్బా ఖాళీగా ఉండే రోజు లేదు. మోకాళ్ల నొప్పులతో ఇసుక దాకా నడిచి, వదిలి, ఆయాసపడుతూ వచ్చేవాడు. "మనమే సల్లగ ఉంటె వేరే జీవి ఉండద్దా?" అనేవాడు, కానీ ఆ మాటలో ముందున్న నవ్వు ఉండేది కాదు.

పోయిన చలికాలం చివర ఒక మేడమ్ వచ్చింది. డాక్టర్ నూరా అట, యూనివర్సిటీలో తేళ్ల మీదే పని. తేళ్లను మోసుకెళ్లి వదిలే ఇండియావాడు ఒకడున్నాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. వెంట ఆమె అన్న, చేతిలో థర్మామీటర్లూ సంచులూ. బాలన్న ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఇక్కడొకటుండె, ఇక్కడొకటుండె అని చూపించాడు. ఇల్లు కూలిపోయిన చోట వంటగది ఇదీ, పడకగది ఇదీ అని చూపించినట్టుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని నేలను తడిమింది, ఒక సన్నని కడ్డీ గుచ్చి లోపలి వేడి చూసింది. తర్వాత నన్ను మధ్యలో పెట్టుకుని ఓపికగా చెప్పింది. ఈ తేలుకు లోతున కాస్త తడి, కాస్త చలువ కావాలి. ఇప్పుడు అది తవ్వగలిగినంత లోతు దాకా నేల వేడెక్కిపోతోంది. వాన వస్తే ఒకేసారి వచ్చి ముంచేస్తోంది. పైగా దీనికి పిల్లలు కావడానికి ఏడాది పైనే పడుతుంది, ఒకసారి పోతే తొందరగా పుంజుకోలేదు. నల్లది అలా కాదు, అది మనుషుల పక్కన బతకడం నేర్చుకుంది.

ఇదంతా నేను తెలుగులో చెప్పాను. ఆ తర్వాత ఆమె ఇంకొకటి చెప్పింది. పెద్దమ్మ విషం చాలా తక్కువదట. కుడితే కొన్ని గంటలు మంట ఉంటుంది, ఏ మందూ లేకపోయినా దానంతటదే దిగిపోతుంది. నల్లది కుడితే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నల్లదాని ముక్క చెప్పి, పెద్దమ్మ విషం ముక్క నేను తెలుగులోకి మార్చలేదు. బాలన్న ముఖం చూసి మార్చలేదు. వెళ్తూ వెళ్తూ ఆమె నాకు నంబర్ ఇచ్చింది. ఆ పెద్ద డెక్కల తేలు ఒక్కటి కనిపించినా ముట్టుకోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యి, ఈ వైపు అది ఇంకా మిగిలి ఉందో లేదో నాకు తెలియడం లేదు అంది.

ఆమెను రోడ్డు దాకా దిగబెట్టి, పికప్‌లో బాలన్నా నేనూ తోటకు తిరిగొస్తున్నాం.

"నువ్వు ఒకటి చెప్పలే" అన్నాడు బాలన్న.

"ఏం చెప్పలే?"

"పెద్దమ్మ విషం దానంతట అదే దిగుతదన్నది. ఇరవై ఏండ్లు ఉన్నోనికి గా మాత్రం అరబీ రాదా యాదీ?"

నేను తేలు కుట్టిన దొంగలా రోడ్డు వైపు చూస్తూ బండి నడిపాను.

"దిగితే దిగనీ" అన్నాడు. "దిగినంతసేపు పక్కన ఒక మనిషి కూసోవాలె గద. నేను కూసున్న."

నాకు ఆ క్షణాన ఆయన మీద పట్టరానంత జాలేసింది, అంతకంటే ఎక్కువ గౌరవం కలిగింది. ఆ రోజు నుంచి బాలన్న పొద్దున్నే నీళ్లు కట్టే ముందు గట్టు పొడవునా వంగి వెతకడం మొదలుపెట్టాడు. ఒక్క నెలవంక కనిపిస్తే చాలు అన్నట్టు. "దొరుకుతదా అన్నా?" అంటే, "అదుంటెనే నా మంత్రానికి పని. నల్లదానికి నా తాన ఏం లేదని అర్థమైంది గద" అన్నాడు. అంత స్పష్టంగా తెలుసుకున్నాడు. తెలుసుకుని కూడా వెతికాడు. ఎండాకాలం వచ్చింది, గట్టు బీటలు వారింది, ఆయన వెతుకుతూనే ఉన్నాడు.

జులైలో, కోత మొదలైన వారంలో, తెల్లవారుతుండగా లక్ష్మణ్‌ను కుట్టింది. లక్ష్మణ్ బాలన్న మండలం పిల్లగాడే, పెళ్లై ఏడాది కాలేదు, బాలన్నను కాకా అంటాడు. ఏసీ నీళ్లు పడే చోట ఆరబెట్టిన రబ్బరు బూటులో కాలు పెట్టాడు. గదిలోవాళ్లు వాణ్ణి ఎత్తుకుని పరిగెత్తారు. ఎక్కడికి? నా పికప్ దగ్గరికి కాదు, బాలన్న దగ్గరికి. అదీ మా తెలివి. ఇన్నేళ్ల అలవాటు కాళ్లను అటే తీసుకెళ్లింది.

నేను వెళ్లేసరికి లక్ష్మణ్‌కు చొక్కా తడిసిపోయేలా చెమటలు, నోటి నుంచి చొంగ, ఒళ్లంతా వణుకు. బాలన్న చేతిలోకి మట్ట వచ్చేసింది, అది కూడా అలవాటే. "రంగేంది?" అని అడిగాడు. ఎవరో బూటు దులిపారు. తోక లావుగా ఉన్న నల్ల తేలు కింద పడి గోడ పగుల్లోకి పరిగెత్తింది.

బాలన్న మట్టను పక్కన పెట్టాడు. "లెవ్వుండ్రి. యాదీ, బండి తియ్యి."

"ముందుగాల మంత్రం ఎయ్యి కాకా" అని లక్ష్మణ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "దవాఖాన వద్దు. నువ్వు ఎయ్యి, దిగుతది."

"నా తాన దీనికి మంత్రం లేదు కొడుకా."

"అట్లనకు కాకా, ఒక్కసారి ఎయ్యి!"

"లేదు బిడ్డా. ఉంటె ఎయ్యనా? లేదు."

తోటలో సగం మంది అక్కడే ఉన్నారు. పక్క తోట ఈజిప్టు మేస్త్రీ కూడా గొడవ విని వచ్చి నిలబడ్డాడు. వచ్చినవాణ్ణి కాదనకూడదన్న కట్టుబాటును బాలన్న వాళ్లందరి ముందూ తెంపేశాడు. ఆయన చేసిన పనుల్లో అంత మంచి పని ఇంకొకటి లేదని నేనంటాను. ఆయన ఒప్పుకోడు.

ఉనైజా ఆసుపత్రిలో వెంటనే విరుగుడు ఇంజెక్షన్ ఎక్కించారు. గుండె లయ తప్పుతోందని యంత్రాలు తగిలించారు. లక్ష్మణ్ బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టర్ అన్నాడు. బాలన్న ఆ పగలూ రాత్రీ, మర్నాడు పగలంతా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నర్సు పొమ్మంటే గుమ్మం అవతల నిలబడి, ఆమె వెళ్లాక మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నిద్ర లేదు, తిండి లేదు. లక్ష్మణ్ కళ్లు తెరిచి టీ అడిగిన తర్వాతే నాతో తోటకు బయలుదేరాడు.

మేం వచ్చేసరికి సాయంత్రం, ఎండ ఇంకా గోడల మీదే ఉంది. అబూ సాలెహ్ అప్పటికే గదుల చుట్టూ మందు కొట్టించాడు. గొంతులో మంట పుట్టించే వాసన. బాలన్న అలవాటుగా కిటికీలో తన పాలపొడి డబ్బా కోసం చూశాడు. లేదు. వంటవాడు దాన్ని కడిగి అందులో కారం పోసుకున్నాడు. ఇంక ఆ డబ్బాతో పనేముందని అనుకున్నాడట. బాలన్న వంటగదిలోకి వెళ్లి డబ్బా చూశాడు. దాని మీద చెయ్యి వేసి, తీసేసి, బయటికి వచ్చి ఏసీ నీళ్లు పడే చోట నిలబడ్డాడు. లక్ష్మణ్ బూట్లు అక్కడే ఉన్నాయి.

"ఇన్నేండ్లు పట్టిన నీమం" అన్నాడు నాతో, మెత్తగా. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఒక్కదాన్ని సంపలే. మోసి మోసి కాళ్లు పోయినయి. ఏమిచ్చింది నాకు? పోరని పానం మీదికి తెచ్చింది."

"అన్నా, లోపలికి పోదాం పా. జర పండు."

తడి గోనెసంచి అంచు కదిలింది. బాలన్న చూశాడు, నేనూ చూశాను. సంచి మడత కింద ఒక నీడ లోపలికి జరిగింది. గోడకు ఆనించిన పార ఆయన చేతికి అందేంత దగ్గరలో ఉంది, నేను వంకర తీసి పెట్టిన ఆ పారే. తీసుకున్నాడు. సంచి మీదినుంచే కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఆపమని నేను అనలేదు, నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. మూడోసారి ఎత్తి, చేతుల్లో సత్తువ లేక దించేశాడు.

తర్వాత పార మొనతో సంచి తొలగించాడు.

ఆవపిండి రంగు. పెద్ద డెక్కలు, పీతకున్నట్టు. ఒక డెక్క ఇంకా మెల్లగా తెరుచుకుని మూసుకుంటోంది. గట్టు కాలిపోతే తడి వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది కాబోలు, జన్మలో ఇల్లు విడవనిది.

బాలన్న కింద కూర్చున్నాడు. ఆ డెక్క కదలిక ఆగేదాకా చూస్తూనే ఉన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి, మందు వాసనకని కళ్లు తుడుచుకున్నాను.

"రోజూ పొద్దుగాల వంగి దేవులాడిన దీని కోసం" అన్నాడు. "మన వాకిట్లకే వచ్చింది." నా వైపు తిరిగి, "ఆ మేడమ్‌కు ఫోన్ చెయ్యి. ఒక్కటి అగుపడ్డా చెయ్యిమన్నది గద" అన్నాడు.

"ఇప్పుడెందుకన్నా?"

"చెయ్యి."

చేశాను. మీరడిగిన తేలు కనిపించింది అని నేను చెప్పగానే డాక్టర్ నూరా గొంతు చిన్నపిల్లలా మారిపోయింది. ఎక్కడ, ఏ చోట, ఎంతుంది, రంగేమిటి అని గబగబా అడిగింది. ఉదయాన్నే బయలుదేరి వస్తానంది, ఎవరినీ దాని దగ్గరికి పోనివ్వద్దంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, బతికే ఉంది కదా అని అడిగింది.

ఫోను స్పీకర్‌లోనే ఉంది, ఆ మాత్రం అరబీ బాలన్నకు వచ్చు. నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ట్రాక్టర్ కింద పడ్డదని చెప్త అన్నా" అన్నాను.

ఆయన పారను గోడకు ఆనించాడు.

"వద్దు. నేనే సంపిన అని చెప్పు."